సీసాలో కడిగిన పెట్రోలు

కిందటేడు మిర్చికి మందు కొట్టే రోజుల్లో, నరసరావుపేట వైపు నాకు తెలిసిన ఒక మెకానిక్ షెడ్డుకి వారంలో నాలుగు పవర్ స్ప్రేయర్లు ఒకే జబ్బుతో వచ్చాయి. తాడు లాగితే స్టార్ట్ కావు, స్టార్టయినా నిమిషంలో ఆగిపోతాయి. ఒకదానిదైతే పిస్టన్ సిలిండర్లో పట్టేసింది. మెకానిక్ ఆ ట్యాంకులో పెట్రోలు కాస్త టీ గ్లాసులోకి ఒంపి బల్ల మీద పెట్టాడు. రెండు నిమిషాలయ్యేసరికి గ్లాసు అడుగున సగ్గుబియ్యం గింజల్లా బొట్లు చేరాయి. పెట్రోల్లోకి నీళ్ళెక్కడివని అడిగితే, స్ప్రేయర్ తెచ్చిన కుర్రాడు దాపరికం లేకుండా చెప్పాడు: "నేనే కడిగాను బాబాయ్."

కడిగాడట. బియ్యం కడిగినట్టు.

అలా కడగడం చూపించే వీడియో మీ ఫోనుకీ వచ్చే ఉంటుంది. ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు పోసి, దాంట్లో పావు వంతు నీళ్ళు కలిపి, మూత బిగించి ఊపుతారు. కాసేపటికి అడుగున నీళ్ళు పెరుగుతాయి, పైన పెట్రోలు తరుగుతుంది. చూశారా మనకు అంటగడుతున్న మోసం, అంటూ వెనక నుంచి సినిమా సంగీతం. ఇక్కడిదాకా తప్పేమీ లేదు. పెట్రోల్లో కలిపే ఇథనాల్ అంటే స్పిరిట్. నీళ్ళు తగిలాయా, పెట్రోలును వదిలేసి అటు చేరిపోతుంది. పెట్రోల్లో ఇథనాల్ ఎంతుందో చూసుకోవడానికి ఇది పనికొచ్చే పరీక్షే. కాకపోతే అందులో బయటపడే రహస్యమేమీ లేదు. ఇరవై శాతం కలిపిన ఈ20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రధానమంత్రే బెంగుళూరులో ప్రారంభించారు, అది పేపర్లలో వచ్చింది. గొడవల్లా పరీక్ష అయ్యాక మొదలవుతుంది. పైన తేలిన పెట్రోలును వంపుకుని, ఇదిగో మన నాన్నల కాలం నాటి స్వచ్ఛమైన పెట్రోలు, మిషన్లో పోసుకోండి అంటారు చూడండి, కొంప మునిగేది అక్కడే.

అది నాన్నల కాలం నాటి పెట్రోలు కాదు. సగం వండిన కూర. ఇథనాల్ కలుస్తుందని తెలిసే ఆయిల్ కంపెనీలు అసలు పెట్రోలును దానికి తగ్గట్టు తయారుచేస్తాయి. ఇథనాల్ ఆక్టేన్ సుమారు 108.5, పెట్రోలుది 84.4 అని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే లెక్క చెప్పింది. రెండూ కలిస్తే 95 దరిదాపుల్లోకి వస్తుంది. మీరు కడిగి పారబోసింది ఆ ఆక్టేన్‌నే. అది తగ్గితే ఎండలో లోడు మీద నడిచే ఇంజిన్లో పెట్రోలు వేళ కాని వేళ పేలుతుంది. టకటకమని చప్పుడు, వేడి, చివరికి పిస్టన్ తల మీద గుంటలు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఆ సగ్గుబియ్యం గింజలు. ఎంత జాగ్రత్తగా వంపినా నాలుగు బొట్లు పెట్రోలుతో పాటు వస్తాయి. ఇథనాల్ ఉన్న పెట్రోలయితే ఆ కాస్త తేమను తనలో కరిగించుకుని ఇంజిన్లోకి తీసుకెళ్ళి కాల్చేసేది. ఆ పని చేయగలిగిన ఒక్కదాన్నీ మీరే బయటికి గెంటేశారు. ఇక ఆ బొట్టుకు దిక్కెవరు? బరువు కాబట్టి ట్యాంకు అడుక్కి దిగుతుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చుకునే గొట్టం చివర చిన్న ఫిల్టరు ఉండేదీ సరిగ్గా ఆ అడుగునే.

కారులోనో కొత్త బైకులోనో అయితే రెండు కుదుపులిచ్చి ఊరుకోవచ్చు. టూస్ట్రోక్ స్ప్రేయరుకూ గడ్డి కోసే బ్రష్ కట్టరుకూ ఆ అదృష్టం లేదు. వీటిలో ఆయిల్‌కి వేరే గది ఉండదు. పిస్టన్‌కీ, క్రాంకు బేరింగులకీ జిడ్డు అందాలంటే పెట్రోల్లో కలిపిన టూటీ ఆయిలే దారి. పెట్రోలు బదులు నీటి బొట్టు లోపలికి వెళ్ళిందంటే ఆ కాసేపూ మంటా లేదు, ఆయిలూ లేదు. నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరిగే ఇంజిన్‌కి కాసేపంటే మాటలా? ఆ కుర్రాడి పిస్టన్ చూశాను. ఒక పక్కంతా పిల్లి గోళ్ళతో రక్కినట్టు నిలువు గీతలు, రింగు గాడిలోనే కరుచుకుపోయింది. పిస్టనూ సిలిండరూ రెండూ మార్చాల్సి వచ్చింది. మందు కొట్టాల్సిన వారంలో మిషన్ షెడ్డులో పడి ఉంటే తోటకు జరిగే నష్టం దీనికి అదనం.

వీడియోలో చెప్పని ఇంకో ముక్క. పెట్రోలు సీసాను ఇంట్లో పెట్టి ఊపడమంటే పక్క గదిలోని పొయ్యితో పందెం కాయడమే. అడుగున మిగిలేవి కూడా వట్టి నీళ్ళు కావు. సగానికి సగం స్పిరిట్ ఉంటుంది, అగ్గిపుల్ల తగిలితే అంటుకుంటుంది. దాన్ని మురుగు కాలవలో పోసేవాళ్ళూ, వేపచెట్టు మొదట్లో పోసేవాళ్ళూ ఉన్నారు.

అయితే ఈ20 వల్ల చిన్న ఇంజిన్లకు ఇబ్బందే లేదా అంటే, ఉంది. ఒప్పుకోక తప్పదు. గడ్డి మిషన్లు, స్ప్రేయర్లు, చిన్న జనరేటర్ల మాన్యువల్ తీసి చూడండి. ఎక్కువ వాటిలో ఇథనాల్ పది శాతం మించకూడదని ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఈ హెచ్చరిక చూసే ఉంటారు. అక్కడ పదిహేను శాతం ఇథనాల్ ఉన్న పంపు మీదే, దీన్ని లాన్ మోవర్ల వంటి పెట్రోలు పరికరాల్లో పోయరాదనే అర్థం వచ్చే స్టిక్కరు అంటించి ఉంటుంది. ఇక్కడ మన బంకులో దొరికేది ఇరవై శాతం. లీటరు లెక్కన ఇథనాల్ ఇచ్చే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాలడానికి దానికి గాలీ తక్కువే చాలు. కొత్త కార్లలో సెన్సర్ ఆ తేడా కనిపెట్టి పెట్రోలు కాస్త ఎక్కువ వదులుతుంది. మన స్ప్రేయర్ కార్బొరేటర్‌కి అంత తెలివి ఎక్కడిది? జెట్ ఎంత ఉంటే అంతే. దాంతో గాలి పాలు ఎక్కువై ఇంజిన్ వేడిగా నడుస్తుంది. పాత మిషన్లలో రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి, కార్బొరేటర్ లోపలి డయాఫ్రమ్ బిరుసెక్కుతుంది. ఇదంతా నిజమే. దీనికి మందు గొట్టాలూ డయాఫ్రమూ ఏటా మార్చుకోవడం, కార్బొరేటర్ స్క్రూ తెలిసినవాడి చేత ఓ పిసరు తిప్పించుకోవడం. నీళ్ళు పోయడం కాదు.

మిగతా నమ్మకాలకు ఒక్కో ముక్క చాలు. ట్యాంకులో కలరా ఉండలు వేస్తే పికప్ పెరుగుతుందన్నది మా నాన్న స్కూటర్ నాటి కబురు. పెరిగేది కార్బొరేటర్లో చెత్త. పవర్ పెట్రోలు కొట్టిస్తే స్ప్రేయర్ ఉరకదు, ఆ ఎక్కువ ఆక్టేన్‌ని వాడుకునే ఇంజిన్ కాదది. బైకులోంచి తీసిన నల్ల ఆయిల్ టూటీ ఆయిల్‌కి బదులు కాదు, అది కాలితే మిగిలేది బూడిదే. తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే పెట్రోలు ఎక్కువ వస్తుందనేవాళ్ళు, బంకు ట్యాంకులు భూమిలో ఉంటాయన్న సంగతి మరిచిపోతారు. ఆయిల్ ఓ మూత ఎక్కువేస్తే ఇంజిన్‌కి బలం అనేవాళ్ళు సైలెన్సర్ విప్పి చూసుకోండి, పొగ వెళ్ళే దారి తారుతో మూసుకుపోయి ఉంటుంది.

మరి ఎంత కలపాలి? మిషన్ మీదో మాన్యువల్లోనో రాసి ఉన్నంత. 25కి 1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. కంటి అంచనా వద్దు, మందుల షాపులో 20 మిల్లీలీటర్ల సిరంజి అడిగి తెచ్చుకోండి. మిషన్ ట్యాంకులోనే పెట్రోలు, ఆయిలు విడివిడిగా పోసి తాడు లాగే అలవాటు చాలామందికి ఉంది. ముందు వెళ్ళేది ఉత్త పెట్రోలని గుర్తుంచుకుని, విడిగా డబ్బాలో కలిపి బాగా ఊపాకే పోయండి. డబ్బా మీద పెద్దక్షరాలతో ఆయిల్ కలిపినది అని రాయండి. ఇంట్లో ఫోర్‌స్ట్రోక్ మిషన్ కూడా ఉందంటే దానికి ఈ డబ్బా పనికిరాదు, దాని ఆయిల్ గది వేరు. ఇక ఉత్త పెట్రోలు డబ్బా ఎత్తి టూస్ట్రోక్‌లో పోశారా, ఆ రోజే దాని ఆఖరి రోజు.

పెట్రోలు రెండు మూడు వారాల్లో అయిపోయేంతే తెచ్చుకోండి. ఇథనాల్ గాలిలో తేమను కూడా లాగుతుంది కాబట్టి మూత వదులుగా ఉన్న డబ్బాలో, అందులోనూ ముసురు రోజుల్లో, నెలల తరబడి ఉంచితే మీరు కడగకపోయినా అదే కడుక్కుంటుంది. మందు కొట్టే సీజన్ అయిపోయాక ట్యాంకు వంచి ఖాళీ చేసి, స్టార్ట్ చేసి, తనంతట తాను ఆగేదాకా నడపండి. కార్బొరేటర్లో మిగిలింది కూడా కాలిపోవాలి. ఆయిల్ కలపని పెట్రోలు మిగిలితే పాడవకముందే బైకులో పోసేసుకోవచ్చు.

ఆ కుర్రాడు డబ్బులిచ్చి, కొత్త పిస్టన్ వేసిన స్ప్రేయర్ బండికి కట్టుకుంటూ మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఇంటి దగ్గర ఇంకా నాలుగు లీటర్లు కడిగి పెట్టాను బాబాయ్, దాన్నేం చెయ్యమంటావు?"

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఇక్కడికి పట్రా. చైన్లు కడుక్కుంటాను."