విమానమునకు తెలుపేల?

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరకే అనలేదు. అటువంటి ఎండలో గంటల తరబడి నిలిచి ఉండవలసిన వస్తువులలో విమానం ఒకటి. 2008 మార్చి వరకు బేగంపేటలోను, అటుపిమ్మట శంషాబాదులోను మనం చూస్తూ వచ్చిన ప్రయాణీకుల విమానాలలో అధిక భాగం తెల్లనివే. ఇది కేవలం అలంకారం కాదు.

తెలుపు తనపై పడిన సూర్యకాంతిలో అధిక భాగాన్ని తిప్పి పంపుతుంది. నలుపు దానిని దిగమ్రింగి వేడిగా మార్చుకొంటుంది. ఇంతవరకు పాఠశాల విద్యార్థికైనా తెలిసినదే. అయితే కాంతిని తిప్పి పంపటమే ప్రధానమైతే అద్దంవలె మెరిసే అల్యూమినియం చాలును గదా! దానిపై వందల కిలోల రంగు ఎందుకు? ఈ ప్రశ్న సమంజసమే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు దశాబ్దాలపాటు రంగులేని మెరుగు లోహంతోనే విమానాలు నడిపి, 2013లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు.

కిటుకు ఇక్కడ ఉన్నది. వేడెక్కిన ప్రతి వస్తువు ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వెలువరిస్తుంది. మెరిసే లోహం ఈ విషయంలో పరమ లోభి. చిక్కిన వేడిని ఒక పట్టాన వదలదు. తెల్లరంగు తక్కువ గ్రహిస్తుంది, గ్రహించినదానిని ఉదారంగా విడిచిపెడుతుంది. ధ్వనికి రెట్టింపు వేగంతో ఎగిరిన కాంకార్డుకు ఈ గుణం అత్యవసరమైనది. గాలి ఒత్తిడికి దాని ముక్కు కొన 127 సెంటీగ్రేడు డిగ్రీల వరకు వేడెక్కేది. 1996లో పెప్సీ ప్రకటన కోసం ఒక కాంకార్డుకు నీలిరంగు వేసినపుడు, ఆ వేగంతో ఒక్కసారికి 20 నిమిషాలకు మించి పోరాదని నియమం పెట్టవలసి వచ్చింది. ఇంధనం నిండిన రెక్కలను మాత్రం తెల్లగానే ఉంచారు.

నల్ల విమానం ఎగరదని కాదు. న్యూజీలాండు వారివి ఎగురుతున్నవి. కాని తెలుపు త్వరగా వెలిసినట్లు కనబడదు. పగులు, నూనె చార దానిపై ఇట్టే తెలుస్తాయి.

ఈ న్యాయమే ఇంటి కప్పుకూ వర్తిస్తుంది. చెంగిచెర్ల, నాచారం ప్రాంతాల జింకు రేకు కూడా మెరుస్తుంది, కాని వేడిని వదలదు. ఆ సెగ క్రింద పసిపిల్లలు పడుకొంటారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. అయితే 600 గజాలకు తక్కువ స్థలంలోని నివాసాలకు అది ఐచ్ఛికమే. రేకుల క్రింద కాపురముండేవారికి అంత స్థలమెక్కడిది? వారికే ముందుగా తెల్లపూత అందవలసి ఉన్నదని మా అభిప్రాయం. దుమ్ము పేరుకొంటే తెలుపు పనితనం తగ్గుతుంది గనుక, ఏటా వేసవికి ముందే కప్పును కడిగి, అవసరమైన చోట మరొక పూత వేయాలి.