నిలువు అమరిక చిన్న కంప్యూటరు

చిన్న కంప్యూటరు పెట్టెను కోసి, మలచి, లోపలి భాగాల స్థానాలు మార్చి, బల్లమీద తక్కువ చోటు ఆక్రమించే విధంగా నిలువుగా నిలబెట్టడాన్ని నిలువు అమరిక అంటారు. కంప్యూటరు భాగాలుండే లోహపు పెట్టెను వాడుకలో కేసు అనీ, క్యాబినెట్ అనీ పిలుస్తారు. మన ప్రాంతంలో చాలామంది దీనినే సీపీయూ అంటారు కాని అది సరికాదు. సీపీయూ అనగా లోపల మదర్ బోర్డు మీద ఉండే ప్రాసెసరు మాత్రమే. పెట్టెను ఇష్టానుసారం మార్చుకొనే అభిరుచికి కేస్ మాడింగ్ అని పేరు.

ఈ మార్పు వలన కలిగే మొదటి లాభం చోటు. 30 సెం.మీ. పొడవు, 22 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. ఎత్తు గల పెట్టె పడుకొని ఉంటే బల్లమీద 660 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. అదే పెట్టెను చిన్న ముఖం మీద నిలబెడితే 264 చదరపు సెంటీమీటర్లు చాలును. ఘనపరిమాణం మాత్రం మారదు, రెండు సందర్భాలలోనూ సుమారు 8 లీటర్లే. అయితే పెట్టెను నిలబెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. గాలి వచ్చే దారి, వేడి పోయే దారి, తీగల దారి అన్నీ మారిపోతాయి.

కొలతలు

వేర్వేరు సంస్థల భాగాలు ఒకే పెట్టెలో ఇమడడానికి కారణం ప్రామాణిక కొలతలు. ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ బోర్డు కొలత 305 × 244 మి.మీ. తరువాత 244 మి.మీ. చదరంగా మైక్రో ఏటీఎక్స్ వచ్చింది. తైవానుకు చెందిన వయా సంస్థ 2001లో మినీ ఐటీఎక్స్ అనే 170 మి.మీ. చదరపు బోర్డును ప్రకటించింది. చిన్న పెట్టెల అభిరుచికి నిజమైన పునాది ఇదే. దీనికి నాలుగు మరబిగింపులు, ఒకే ఒక్క విస్తరణ స్లాటు ఉంటాయి. విద్యుత్ సరఫరా పెట్టెలలో (ఎస్.ఎం.పి.ఎస్.) ఎస్.ఎఫ్.ఎక్స్. రకం కొలత 125 × 100 × 63.5 మి.మీ. చిన్న పెట్టెలకు ఇదే ఎక్కువగా వాడతారు.

చరిత్ర

ఆపిల్ సంస్థ 2000 జూలైలో పవర్ మ్యాక్ జీ4 క్యూబ్‌ను ప్రకటించింది. దానిలో ఫ్యాను లేదు. అడుగు నుండి చల్లని గాలి ప్రవేశించి, వేడెక్కి, పై జాలీ గుండా తనంతట తాను వెళ్ళిపోయేది. చూడముచ్చటగా ఉన్నప్పటికీ అమ్మకాలు ఆశించినట్లు లేక ఒక సంవత్సరానికే తయారీ ఆపివేశారు. 2001లోనే తైవానుకు చెందిన షటిల్ సంస్థ ఘనాకారపు చిన్న కంప్యూటర్లను విపణిలోకి తెచ్చి, అభిరుచి గలవారిని ఆకట్టుకొన్నది.

మదర్ బోర్డును 90 డిగ్రీలు తిప్పి, తీగలు తగిలించే వెనుక ముఖాన్ని పైకి తెచ్చే పద్ధతికి సిల్వర్‌స్టోన్ సంస్థవారి రావెన్ పెట్టెలు ప్రాచుర్యం తెచ్చాయి. 2013 నాటి మ్యాక్ ప్రో స్తూపాకారంలో 25.1 సెం.మీ. ఎత్తు ఉండి, త్రిభుజాకారపు లోహపు దిమ్మె చుట్టూ బోర్డులను అమర్చి, పైన ఒకే ఫ్యానుతో చల్లబరచుకొనేది. ఆ అమరికలో శక్తివంతమైన గ్రాఫిక్స్ చిప్పుల వేడిని తట్టుకోవడం కష్టమని ఆపిల్ సంస్థే 2017లో అంగీకరించింది. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఆటయంత్రం కూడా ఇదే కోవకు చెందినది. దాని ఎత్తు 301 మి.మీ., అడుగు 151 మి.మీ. చదరం, ఫ్యాను పైకప్పులో ఉంటుంది.

గాలి, వేడి

వేడిగాలి పైకి పోతుంది కనుక నిలువు పెట్టె పొగగొట్టంలా పనిచేసి తనను తాను చల్లబరచుకొంటుందని తరచుగా వ్రాస్తుంటారు. ఇది అబద్ధం కాదు కాని అతిశయోక్తి. గదిలో 40 డిగ్రీలు, పెట్టె లోపల 60 డిగ్రీల సెల్సియస్ ఉన్నదనుకొందాం. ఈ రెండు గాలుల సాంద్రతల భేదం ఘనపు మీటరుకు సుమారు 0.07 కిలోగ్రాములు. పెట్టె ఎత్తు 35 సెం.మీ. అయితే దాని వలన కలిగే పీడన భేదం సుమారు 0.23 పాస్కల్ మాత్రమే. ఒక మామూలు 120 మి.మీ. ఫ్యాను కలిగించగల గరిష్ఠ పీడనం 10 నుండి 20 పాస్కల్ దాకా ఉంటుంది. అనగా ఫ్యాను బలం ముందు పొగగొట్టపు బలం ఎన్నో రెట్లు చిన్నది. ఫ్యాను తప్పు దిశలో బిగిస్తే వేడిగాలి నిక్షేపంగా కిందికే పోతుంది. నిలువు అమరికలోని అసలు మేలు వేరే ఉన్నది: గాలికి మలుపులు లేని సూటిదారి ఏర్పడడం, బయటికి పోయిన వేడిగాలి తిరిగి లోపలికి రాకుండా పైకి తొలగిపోవడం.

గాలి ఎంత కావలెనో కూడా లెక్కకట్టవచ్చును. కంప్యూటరు 200 వాట్లు వాడితే అదంతా చివరకు వేడిగానే మారుతుంది. లోపలి గాలి గదికంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు 18 లీటర్ల గాలి ప్రవహించాలి. అనగా 8 లీటర్ల పెట్టెలోని గాలి సెకనుకు రెండుసార్లకు పైగా మారాలి. మంచి 120 మి.మీ. ఫ్యాను ఒకటి ఈ పని చేయగలదు, అయితే దాని ముందు తీగల గుట్టలు అడ్డుపడరాదు.

మహబూబాబాదు జిల్లాలోని దంతాలపల్లి వంటి చోట్ల వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. గదిలోనే 42 డిగ్రీలుంటే పై లెక్క ప్రకారం పెట్టె లోపల 52 అవుతుంది. ప్రాసెసరు అంతకంటే చాలా ఎక్కువ వేడిని తట్టుకొంటుంది కాని, హార్డ్ డిస్కులకు సాధారణంగా తయారీదారులు విధించే హద్దు 60 డిగ్రీలు. అందుచేత ఇట్టి పెట్టెలలో తిరిగే డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. వాడడమే మేలు. చల్లని దేశాలలోని వారు వ్రాసిన కొలతలను మనవారు యథాతథంగా నమ్మి ఇబ్బంది పడుతుంటారు.

వేడిని మోసే రాగి గొట్టాల (హీట్ పైపుల) దిశ కూడా గమనించవలసినదే. వీటిలో కొద్దిపాటి ద్రవం వేడి కొన వద్ద ఆవిరై, చల్లని కొన వద్ద ద్రవంగా మారి, గొట్టం లోపలి వత్తి వంటి పొర గుండా తిరిగి వస్తుంది. వేడి కొన పైన, చల్లని కొన కింద ఉంటే ద్రవం గురుత్వాకర్షణకు ఎదురెక్కాలి కనుక సామర్థ్యం తగ్గవచ్చు. పడుకొన్నప్పుడు చక్కగా పనిచేసిన గ్రాఫిక్స్ కార్డు నిలబెట్టాక ఎక్కువ వేడెక్కితే ముందుగా అనుమానించవలసినది దీనినే.

రైజరు తీగ

మినీ ఐటీఎక్స్ బోర్డుకు గ్రాఫిక్స్ కార్డును నేరుగా గుచ్చితే అది లంబంగా నిలిచి పెట్టె వెడల్పును పెంచుతుంది. అందుకని రైజరు అనే బద్దీ తీగతో కార్డును బోర్డు వెనుకకు మడిచి, రెండింటినీ వీపులు కలిపి నిలబెడతారు. జర్మనీకి చెందిన డాన్ కేసెస్ వారి ఏ4 ఎస్.ఎఫ్.ఎక్స్. పెట్టె ఈ విధంగానే 7.2 లీటర్లలో పూర్తి కంప్యూటరును ఇమిడ్చినది.

ఈ తీగ గుండా సంకేతాలే కాక విద్యుత్తు కూడా పోతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు 75 వాట్ల దాకా ఇవ్వగలదు. అందులో ఎక్కువ భాగం 12 వోల్టుల తీగలోనే ప్రవహిస్తుంది. ఎన్‌జడ్‌ఎక్స్‌టీ సంస్థ 2020లో విడుదల చేసిన హెచ్1 అనే నిలువు పెట్టెలో రైజరు బోర్డును బిగించే మర దానిలోని 12 వోల్టుల పొరకు తగిలి, షార్టు సర్క్యూటై నిప్పు అంటుకొనే ప్రమాదం బయటపడింది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో వాటిని వెనక్కు పిలిపించారు. ఒక పెద్ద సంస్థ తయారీలోనే ఇట్టి పొరపాటు జరిగినప్పుడు ఇంట్లో డ్రిల్లుతో బెజ్జాలు వేసుకొనేవారు ఎంత జాగ్రత్తగా ఉండవలెనో చెప్పనక్కరలేదు. రైజరు బెజ్జం చుట్టూ రాగి పొర లేదని చూసుకొని, లోహపు మరకు బదులు నైలాను మర, నైలాను వాషరు వాడాలి.

మార్చే విధానం

ముందుగా భాగాలన్నింటినీ కొలిచి, అట్టముక్కలతో నమూనా చేసుకొంటారు. అట్టతో చేసిన పొరపాటుకు ఖర్చు లేదు. హైదరాబాదు ప్రాంతంలో విడిభాగాలకు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరొందినది.

రేకు కోసేటప్పుడు పెట్టెలో ఒక్క భాగం కూడా ఉండరాదు. కోతలో రాలిన పొడి ఒక్క రవ్వ బోర్డుపై మిగిలినా షార్టు సర్క్యూటుకు చాలు. ఇనుప పొడిని అయస్కాంతంతో ఏరవచ్చు, అల్యూమినియం పొడి అయస్కాంతానికి అంటదు కనుక కడిగి ఆరబెట్టడమే మార్గం. 120 మి.మీ. ఫ్యానుకు మరల బెజ్జాల మధ్య దూరం 105 మి.మీ., 140 మి.మీ. ఫ్యానుకు 124.5 మి.మీ. కోసిన అంచులను ఆకురాయితో నునుపు చేసి, తీగలు దూరే బెజ్జాలకు రబ్బరు తొడుగు వేయాలి.

పెట్టె అడుగున కనీసం 15 నుండి 20 మి.మీ. ఎత్తు కాళ్ళు ఉండాలి, లేకపోతే గాలి చొరబడదు. బరువైన సరఫరా పెట్టెను కిందకు చేర్చితే పెట్టె తూలదు. ఫ్యాను పీల్చే వైపు సన్నని జాలీ ఉంచి తరచుగా దులపాలి. పత్తి, మిరప పండే ఊళ్ళలో దుమ్ము, నూగు త్వరగా పేరుకొంటాయి. పైకప్పుకు కూడా జాలీ తప్పదు, దుమ్ము కంటే ముందు బల్లులు దూరతాయి.

విద్యుత్ భద్రత

సరఫరా పెట్టెను విప్పి చిన్నది చేసే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు. 230 వోల్టుల విద్యుత్తును దిద్దినప్పుడు లోపలి కెపాసిటర్లలో సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అవి కొంతసేపు ఉండవచ్చు.

ఎర్తింగు విషయం మరింత ముఖ్యమైనది. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నా ఎర్తు తీగ కలిపి ఉండకపోవచ్చు. అప్పుడు సరఫరా పెట్టెలోని వడపోత కెపాసిటర్ల మూలంగా కేసు మీదికి సుమారు సగం వోల్టేజి చేరి, ముట్టుకొంటే జివ్వుమంటుంది. ఆ కరెంటు స్వల్పమే కాని, లోపల తీగ తొడుగు చిట్లి కేసుకు తగిలిన రోజున రక్షించేది ఎర్తు తీగ ఒక్కటే. మార్చిన పెట్టెకు కొత్తగా రంగు వేసినప్పుడు, సరఫరా పెట్టె బిగించేచోట రంగు గీకి లోహానికి లోహం తగిలేటట్లు చూడాలి. ఆక్రిలిక్ లేదా చెక్క పలకలు వాడినచోట మిగిలిన లోహ భాగాలన్నింటినీ ఒక తీగతో కలిపి సరఫరా పెట్టె ఒంటికి బిగించాలి. తరువాత మల్టీమీటరుతో ప్లగ్గులోని ఎర్తు పిన్నుకూ, కేసులోని ప్రతి లోహపు పలకకూ మధ్య నిరోధం కొలిచి, అది దాదాపు సున్నా అని తేలిన పిమ్మటనే ప్లగ్గు పెట్టాలి.