మలివయసులో పురుషుల దేహబలము

అరువది యేండ్లు దాటిన మగవారు నలుగురితో చెప్పుకొనుటకు సిగ్గుపడు బాధ యొకటి కలదు. ఒంటిలో సత్తువ తగ్గును. పనిపై మనసు నిలువదు. దాంపత్యమునందు ఆసక్తి సన్నగిల్లును. ఇట్టివారు వైద్యునికంటె ముందు, అంగడి ప్రక్కన గుడారము వేసి ‘శక్తి మందు’ అమ్మువానిని వెదకుట అరుదు కాదు. వాడు పేరు చెప్పని పొడి నొకదానిని పొట్లము కట్టి యిచ్చును. పంట అమ్మిన పైకములో కొంత అచ్చటనే కరగిపోవును. పైకము పోయిన పోవుగాక. లోపలి రోగము బయటపడక నిలిచిపోవుటయే అసలు నష్టము. కావున ఈ విషయమును సిగ్గు విడిచి నిదానముగా ఆలోచించుట మేలు.

పురుషుని వృషణములలో ముఖ్యముగా పుట్టి రక్తములో కలియు హార్మోనునకు టెస్టోస్టెరోన్ అని పేరు. మెదడు అడుగున నుండు పీయూష గ్రంథి ఆజ్ఞ నిచ్చినప్పుడు వృషణములు దానిని తయారు చేయును. కండరములకు, ఎముకలకు, రక్తములోని ఎఱ్ఱకణములకు, కామవాంఛకు అది తోడ్పడును. ముప్పది నలుబది యేండ్ల తరువాత అది ఏటేట సుమారు నూటికి ఒక వంతు చొప్పున తగ్గుచుండును. ఇది వేసవిలో చెఱువు నీరు తగ్గుట వంటిదే కాని, కట్ట తెగుట కాదు. ఐరోపాలోని ఎనిమిది కేంద్రములలో 40 మొదలు 79 యేండ్ల వయసువారిని పరీక్షించి 2010లో ఫలితములు ప్రకటించిరి. తగిన లక్షణములును, హార్మోను లోపమును కలిసి కనబడినవారు నూటికి ఇద్దరే. అనగా అలసితి మనువారిలో పెక్కుమంది అలసటకు కారణము వేరొకచోట నున్నదన్నమాట.

ఈ సందర్భమున పాత కథ యొకటి తలచుకొనదగినది. 1889లో బ్రౌన్ సెకార్ అను ప్రసిద్ధ వైద్యుడు, తన 72వ యేట, కుక్కల యొక్కయు గినీపందుల యొక్కయు వృషణముల సారమును తన దేహములోనికి సూదితో ఎక్కించుకొని, యౌవనము తిరిగి వచ్చినదని పారిస్‌లో పండితుల యెదుట ప్రకటించెను. కాని టెస్టోస్టెరోన్ నీటిలో సరిగా కరుగదు. ఆ సారములో అది యున్నది దాదాపు శూన్యము. ఆయనకు కలిగిన బలము నమ్మకము వలన కలిగినదే. అసలు హార్మోనును వేరుపరచుట 1935లో గాని సాధ్యపడలేదు. ‘మందు తిన్నాను, హుషారు వచ్చినది’ అను మాట ఋజువు కాదని దీనివలన తెలియుచున్నది. అంతేకాదు, ఇట్టి పొడులలో చాటుగా సిల్డెనఫిల్ వంటి ఘాటైన మందులు కలిపిన సందర్భములు పెక్కు బయటపడినవి. గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడువానికి అవి ప్రాణాపాయము.

ఇక మన సీమ సంగతి. పాలమూరు కూలీలు దేశమంతట తిరిగి ఆనకట్టలకు మట్టి మోసినవారు. అట్టి దేహము వయసు మీఱి వేపచెట్టు నీడకు చేరినప్పుడు పని తగ్గును, తిండి తగ్గదు. తిండియు మారినది. 1967లో నాగార్జున సాగరము నీరు వదలిన పిదప మిర్యాలగూడెము వైపు వరి పెరిగెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదల ఆకలి తీర్చెను. ఆ మేలును మరువరాదు. కాని జొన్నరొట్టె, గటక తిన్న యింట మూడుపూటల తెల్లని అన్నమే మిగిలినప్పుడు, కాయకష్టము లేనివానికి పొట్ట పెరుగుట సులభము. పొట్టలోని కొవ్వు ఊరక కూర్చుండదు. అందలి యొక ఎంజైము టెస్టోస్టెరోన్‌ను స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్‌గా మార్చును. స్థూలకాయము, మధుమేహము పీయూష గ్రంథి ఆజ్ఞను గూడ మందగింపజేయును.

కావున మందు లేని చికిత్సకు మొదటి మెట్టు నడుము కొలతయే. మన దేశపు పురుషునకు 90 సెంటీమీటర్లు మించిన నడుము హెచ్చరిక. స్థూలకాయుడు బరువులో పదవ వంతు తగ్గించుకొన్నను హార్మోను కొంత పెరుగును. ఇందుకై అన్నము తగ్గించి జొన్న, సజ్జ, కందిపప్పు, ఉలువలు, ఆకుకూరలు పెంచవలెను. జొన్న తిన్నంతనే హార్మోను పెరుగునని కాదు. కడుపు నిండియు బరువు పెరుగకుండుటకు అది అనుకూలము. జింకు లోపించినవానికి పల్లీలు, నువ్వులు, గ్రుడ్లు, మాంసము మేలుచేయును. లోపము లేనివాడు జింకు మాత్రలు మ్రింగిన ప్రయోజనము లేదు. రోజూ వేగముగా నడచుట, వారమునకు రెండుమూడు మారులు బరువు లెత్తుట కండను నిలుపును. హార్మోను పెరిగినను పెరుగకున్నను కండబలము మాత్రము తప్పక పెరుగును.

రెండవది నిద్ర. 2011లో ప్రకటితమైన యొక పరిశోధనలో ఆరోగ్యవంతులైన పదిమంది యువకులను ఒక వారము రాత్రికి ఐదు గంటలే నిద్రింపనిచ్చిరి. పగటి టెస్టోస్టెరోన్ నూటికి పది పదునైదు వంతులు తగ్గెను. పెద్దగా గురకపెట్టుచు నడుమ ఊపిరి ఆగువారు వైద్యునికి చూపించుకొనవలెను.

మూడవది కల్లు, సారా. అతిగా త్రాగిన మద్యము వృషణములను, కాలేయమును రెంటిని దెబ్బతీయును. కల్తీ కల్లులో ఆల్ప్రజోలాం, డయాజిపాం వంటి మత్తుమందులు కలుపుట మన సీమలో ఎల్లరు ఎఱిగినదే. ఏండ్ల తరబడి అలవాటు పడినవాడు ఒక్కసారిగా మానిన ఫిట్స్, భ్రమలు కలుగవచ్చును. కావున మానుట వైద్యుని పర్యవేక్షణలో జరుగవలెను.

మర్రిగూడ, చండూరు, మునుగోడు ప్రాంతపు పెద్దలకు ఇంకొక మాట. ఫ్లోరైడు నీరు త్రాగినవారి వెన్ను బిగిసి, కీళ్లు నొచ్చుచుండును. దానిని మగతనపు లోపమని యెంచి శక్తి మందులకు ఖర్చు పెట్టరాదు. ఆ బాధకు మొదటి జాగ్రత్త శుద్ధిచేసిన కృష్ణా నీరే.

ఇన్ని చేసినను బాధ తీరకున్నచో రక్తపరీక్ష చేయించవలెను. ఉదయము ఎనిమిది పది గంటల నడుమ, పరగడుపున, వేర్వేరు దినములలో రెండుమారులు చేసిననే అది నమ్మదగినది. జ్వరములో చేసిన పరీక్ష తప్పుదారి పట్టించును. స్తనములు ఉబ్బుట, చిన్న దెబ్బకే ఎముక విరుగుట, తలనొప్పితో చూపు తగ్గుట కనబడిన ఆలస్యము కూడదు. వృషణములకో, పీయూష గ్రంథికో వ్యాధి సోకినచో తిండియు నడకయు చాలవు. వైద్యుడు హార్మోను ఇచ్చిన కాదనరాదు. అంగస్తంభన లోపము కొందఱిలో గుండెజబ్బునకు ముందు సూచనయని గూడ తెలిసియుండవలెను.

కాబట్టి ఈ బాధను దాచుకొనువాడు దాచుచున్నది సిగ్గును మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు మధుమేహమును, గుండెజబ్బును గూడ. ఇంటిలోని పెద్ద సత్తువ లేదని యన్ననాడు ఇల్లాలుగాని కొడుకుగాని నవ్వి త్రోసివేయక, దగ్గరి ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోవుట ఉచితము.