అంతర్జాలం అల్లేవారి అవస్థలు

స్టూడియోలో మైకు ముందు కూర్చొని మాట్లాడే మనిషికి తన మాట శ్రోతల ఇండ్లలో ఎట్లా వినిపిస్తున్నదో తెలియదు. ఒక ఇంట గంట కొట్టినట్లు వినిపించవచ్చును. పక్క ఇంట గరగర తప్ప మరేమీ వినిపించకపోవచ్చును. పలికిన మాట ఒక్కటే, దానిని ధ్వనిగా మార్చే పెట్టెలు వేరు. ఈ చిక్కును నూరింతలు చేసి ఊహించుకుంటే, వెబ్ డెవలపర్ అనే నేటి పనివారి కష్టం కొంతవరకు అర్థమవుతుంది. మనం రైలు టిక్కెట్టు కొన్నా, కరెంటు బిల్లు చెల్లించినా, పిల్లల పరీక్షాఫలితాలు చూచినా, ఆ పుటలను కూర్చినవారు వారే.

అచ్చయిన పత్రిక అందరి చేతికీ ఒకే రూపంలో అందుతుంది. అంతర్జాలపు పుట అట్లా కాదు. అది రూపంగా రాదు, సూచనలుగా వస్తుంది. ‘ఇది శీర్షిక, ఇక్కడ బొమ్మ, ఇది నొక్కవలసిన మీట’ అని డెవలపరు వ్రాసి ఉంచుతాడు. వాటిని చదివి పుటను కట్టేది మన ఫోనులోనో కంప్యూటరులోనో ఉన్న బ్రౌజర్ అనే ప్రోగ్రాము. అనగా, పని మొదలయ్యేది డెవలపరు బల్లమీద. ముగిసేది మన ఇంటిలో. ఆయన పాట్లలో చాలావరకు ఈ దూరం నుంచి పుట్టినవే.

జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఈ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు, శాస్త్రజ్ఞులు తమ సమాచారాన్ని పరస్పరం అందించుకోవడమే ముఖ్యోద్దేశం. పుట అమరికను, రంగులను నిర్ణయించే సి.ఎస్.ఎస్. మొదటి ప్రమాణం 1996లో వెలువడినది. పుటకు చలనం కలిగించే జావాస్క్రిప్టు తొలిరూపాన్ని 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో తయారుచేశాడు. ఆ భాషలోని తొలినాటి వింతలు కొన్ని నేటికీ నిలిచే ఉన్నవి. దరఖాస్తు గడిలో మనం వేసిన 2 అనే అంకెను అది అక్షరంగా స్వీకరిస్తుంది. దానికి 1 కలపమంటే 3 రాదు. రెండిటిని పక్కపక్కన పేర్చి 21 అంటుంది. డెవలపరు ముందే దానిని సంఖ్యగా మార్చి తీరవలెను. ఈ వింతలను భాషలోనుంచే తొలగించరాదా అంటే, వాటిని నమ్ముకొని వ్రాసిన పాత పుటలు చెడిపోతాయి.

బ్రౌజర్లన్నీ సూచనలను ఒకే తీరున చదివితే కొంత నయమే. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 అనేక విషయాలలో ప్రమాణాలను తనదైన తీరున పాటించినది. ఐనా ఎన్నో కార్యాలయాలు దానిని ఏళ్ల తరబడి విడువలేదు. అందువల్ల డెవలపర్లు ప్రమాణం ప్రకారం ఒకసారి వ్రాసి, దానికోసం విడిగా చికిత్సలు చేయవలసివచ్చేది. ఆ బ్రౌజరు వంశానికి 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సంస్థ స్వస్తి చెప్పినది. నేడు తేడాలు తగ్గినవి గాని తెరల పరిమాణాలు పెరిగినవి. అరచేతిలోని ఫోనుకూ, గోడమీది టెలివిజనుకూ ఒకే పుట ఒదగవలెను.

ఇక దినచర్య. ఉదయం రాగానే ఒక ఫిర్యాదు ఎదురవుతుంది: ‘దరఖాస్తు పంపే మీట పనిచేయడం లేదు.’ అంతకు మించి వివరం ఉండదు. డెవలపరు తన యంత్రంలో నొక్కి చూస్తాడు, చక్కగా పనిచేస్తుంది. ‘నా దగ్గర బాగానే ఉన్నదే!’ అనే మాట ఈ వృత్తిలో తరచు వినబడేదే. అక్కడినుంచి అన్వేషణ. వారిది ఏ ఫోను? ఏ బ్రౌజరు? సిగ్నలు బలహీనమై, ప్రోగ్రాము పూర్తిగా అందకముందే మీట నొక్కినారా? చిన్న తెరమీద కంటికి కనపడని మరొక పెట్టె ఆ మీటను కప్పివేసినదా? కారణం కనుగొనడానికి ఒక పూట పడుతుంది. సవరణ ఒక్క పంక్తి. అది చేసిన తరువాత కూడా ‘మాకింకా అట్లాగే ఉన్నది’ అని కబురు వస్తుంది. వేగం కోసం బ్రౌజరు పాత ప్రతిని దాచుకొని దానినే చూపుతున్నదన్నమాట.

మన భాషకు సంబంధించిన ఉదాహరణ ఒకటి చూద్దాం. ‘రాజ్యలక్ష్మి’ అనే పేరు మన లెక్కకు నాలుగు అక్షరాలు. యూనికోడ్ పద్ధతిలో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు దేనికదే లెక్క. అందువల్ల యంత్రానికి అవి 12 గుర్తులు. సర్వసాధారణంగా వాడే యు.టి.ఎఫ్.-8 కూర్పులో ఒక్కొక్క తెలుగు గుర్తు 3 బైట్ల చోటు తీసుకుంటుంది, మొత్తం 36. అదే పేరును ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తే 12 బైట్లు చాలును. పేరుకు 30 బైట్లు కేటాయించి, ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించిన డెవలపరుకు ఏ లోపమూ కనపడదు. తెలుగులో పేరు వ్రాసిన వృద్ధురాలి పింఛను దరఖాస్తులో మాత్రం చివరి ‘మి’ తెగిపోవచ్చును. పేరు కలియలేదని కాగితం తిరిగివస్తే ఆమె ఎవరిని అడగవలెను?

పెద్ద సంస్థలు సైతం ఇట్టి పొరపాట్లకు అతీతం కావు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’కు కంటికి కనపడని ఒక విభజన గుర్తూ, దానిపై దీర్ఘమూ చేరిన ఒకానొక తెలుగు కూర్పు తెరమీదికి రాగానే ఐఫోనులలో సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేసినది.

డెవలపరు ప్రతి ఇంటికీ వచ్చి చూడలేడు. కనుక తన బల్లమీద బాగున్నదని తృప్తిపడక, పాత ఫోనుతో, బలహీనమైన సిగ్నలుతో, తెలుగు పేరుతో పరీక్షించి చూచుకోవడం ఆయన ధర్మం. మన వంతు పని కూడా కొంత ఉన్నది. ప్రసారం సరిగా అందనప్పుడు తేదీ, వేళ, మీటరు వ్రాసి పంపే శ్రోత ఉత్తరం ఇంజనీరుకు దారి చూపుతుంది. అదేవిధంగా, పుట మొరాయించినప్పుడు ఏ ఫోనులో, ఏది నొక్కితే, తెరమీద ఏమి కనిపించినదో నాలుగు ముక్కలు వ్రాసి పంపండి. ఆ నాలుగు ముక్కలు డెవలపరుకు ఒక పూట శ్రమ తప్పిస్తాయి. మన వెనుక వచ్చే మరొక రాజ్యలక్ష్మి పేరును నిలబెడతాయి.