మన పాటలకు ఒక పత్రిక

మన హాస్టల్లో పాటల గోడపత్రిక ఒకటి పెడదామని అనుకుంటున్నాం. పేరు 'రేల'.

ఎందుకంటే మన పాటలు ఎక్కువగా నోటితోనే వచ్చాయి, కాగితం మీద లేవు. డోలు కొట్టి కోయ కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన చనిపోయారు. నేర్చుకునేవాళ్లు లేకపోతే మనిషితోపాటు పాట కూడా పోతుంది.

పత్రిక నెలకొకటి. ఒక చార్టు చాలు, నాలుగు గళ్లు గీస్తాం.

1. ఒక పాట. కోయ మాటలు తెలుగు అక్షరాల్లో, పక్కన అర్థం.
2. అది ఎప్పుడు పాడతారు? విత్తనాల పండుగకా, పెళ్లికా, నాట్లకా?
3. డోలు, కొమ్ముల బొమ్మ.
4. చిన్నపిల్లల ఆటపాట.

ఒక నెల లంబాడి పాట, ఒక నెల కొండరెడ్ల పాట కూడా పెట్టాలి. పాడినవాళ్లను అడిగాకే రాయాలి. కింద వాళ్ల పేరు, ఊరు ఉండాలి.

మా అమ్మమ్మకు చదువు రాదు గానీ తెల్లారేదాకా పాడుతుంది. ఆమె పాట నేను రాస్తే అది మా ఇంట్లో మొదటి రాత అవుతుంది.

దసరా సెలవులకు పోయినప్పుడు తలా ఒక పాట రాసుకుని రండి. మేడం గారు చార్టు, స్కెచ్ పెన్నులు ఇప్పిస్తే రాగానే అంటిస్తాం.

– 9వ తరగతి విద్యార్థిని