చీమ వేషంలో సాలీడు!
కాళ్లు లెక్కపెడితేనే గుట్టు రట్టు

కోవిల్‌పట్టి, విరుదునగర్‌: కోవిల్‌పట్టి నల్లరేగడి దాటి పశ్చిమ కనుమల వైపు వెళితే విరుదునగర్‌ జిల్లా రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు మామిడి తోటలు వస్తాయి. చెట్టెక్కేవాళ్లు ముందు చూసేది ఎర్రచీమల గూడు ఉందా అనే. ఆకులను పట్టుదారంతో అతికించి గూడు కట్టే ఈ చీమలను తమిళంలో ‘ముసుఱు’ అంటారు. కరిచి, గాటులో ఆమ్లం చిమ్ముతాయి. ఇక ఒళ్లంతా మంటే! పక్షులు కూడా వీటి జోలికి అంతగా రావు.

ఆ భయమే పెట్టుబడిగా బతికే జీవి ఒకటుంది. అదే రంగు, అదే నడక.. కానీ చీమ కాదు, సాలీడు! శాస్త్రీయ నామం మిర్మాప్లాటా ప్లాటలియోయిడిస్‌. శ్రీలంకలో దొరికిన నమూనాలను చూసి 1869లో పికార్డ్‌-కేంబ్రిడ్జ్‌ దీన్ని తొలిసారి వర్ణించారు. భారత్‌తో పాటు చైనా, ఆగ్నేయాసియాలోనూ ఉంది.

గుర్తుపట్టేదెలా?

చీమకు ఆరు కాళ్లు, రెండు మీసాలు. సాలీడుకు మీసాల్లేవు, ఎనిమిది కాళ్లు. అందుకే ముందుకాళ్లు రెండూ ఎత్తి మీసాల్లా ఆడిస్తుంది. ఒంటి ముందుభాగంలో నొక్కు ఉండటంతో తల, మెడ వేరువేరుగా ఉన్నట్లు కనిపిస్తుంది. తలకు అటూ ఇటూ ఉన్న నల్లమచ్చలు చీమ కళ్లను తలపిస్తాయి. మగదాని దవడలు బాగా పొడవు. చూస్తే చీమ మరో చీమను మోసుకెళుతోందా అనిపిస్తుంది. బెదిరిస్తే దారం వదిలి కిందికి జారిపోతుంది. అక్కడ దొరికిపోతుంది దొంగ!

చీమ ఉంటేనే వేషం

వేషం చీమదే అయినా చీమలతో దోస్తీ లేదు. దొరికితే అవి దీన్ని చంపేస్తాయి. ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. చిన్నచిన్న పురుగులను వేటాడి పొట్ట పోసుకుంటుంది.

చీమల బాధ పడలేక గూళ్లు కాల్చేసినా, మందు కొట్టినా దీనికీ ముప్పే. పురుగుమందుకు అసలు, నకిలీ తేడా తెలియదు. ఒకవేళ తప్పించుకున్నా, చీమలే లేని తోటలో చీమ వేషం ఎవరిని భయపెడుతుంది?

చీమల వల్ల రైతుకు ఇబ్బంది లేకపోలేదు. కోతకు వెళితే కరుస్తాయి, పిండినల్లి వంటి పురుగులను కాపాడతాయి. కానీ పంటను తినే పురుగులు ఎన్నింటినో ఏరి తింటాయి. చైనాలో 1,700 ఏళ్ల కిందటే నారింజ తోటల్లో వీటి గూళ్లను కావాలని వేలాడదీసేవారు. కోతకు అడ్డొచ్చే కొమ్మల వరకే గూళ్లు తీసి, గట్టు మీది చెట్లను వదిలేస్తే చాలు. రైతుకు కూలి లేని కాపలా.. ఈ వేషగాడికి బతుకుతెరువు.