వైర్‌లెస్ కార్డు: ఇమిడిన చాలునా?

కంప్యూటరును సిద్ధముగా కొనక, భాగములను విడివిడిగా తెచ్చి ఇంటనే కూర్చుకొను విద్యార్థులు మనలో కొందరు కలరు. ఇది మెచ్చదగిన పని. కాని ఒక చిన్న భాగము విషయమున పలువురు పొరపడుదురు. అదియే వైఫై కార్డు. తలిదండ్రులు కూడబెట్టిన సొమ్ముతో కొన్న కార్డు బోర్డులో చక్కగా ఇముడును. అయినను కంప్యూటరునకు కనబడదు. కార్డు చెడినదని తలచి మరల అట్టిదే కొన్నచో, రెండవసారియు సొమ్ము వ్యర్థమగును. లోపము కార్డులో లేదు, బోర్డులోను లేదు. ఆ రెంటికిని పొత్తు కుదరకపోవుటయే లోపము.

తెలుగు లిపియు కన్నడ లిపియు అక్కచెల్లెండ్రవంటివని కర్ణాటకమున పెరిగిన మనకు తెలియును. అక్షరములను పోల్చుకొన్నంతమాత్రమున భాష వచ్చినట్లగునా? కార్డుల సంగతియు ఇట్టిదే.

ఉదాహరణమునకు ఇంటెల్ వారి ఏఎక్స్ 200, ఏఎక్స్ 201 అను కార్డులను చూడుడు. విడిగా దొరకు ఈ రెండును 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు గలవి. రెండును బోర్డుపై ఎం.2 కీ-ఇ అను గాడిలో ఇముడును. మొదటిది తన పని తానే చేసికొనుచు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గమున బోర్డుతో సంభాషించును. అందుచే ఏఎండీ ప్రాసెసరు గల బోర్డులలోను పనిచేయును. రెండవదాని పనిలో కొంతభాగము ఇంటెల్ చిప్‌సెట్టులో అమర్చబడియున్నది. కార్డులో మిగిలినది ముఖ్యముగా రేడియో భాగమే. ఈ పద్ధతికి సీఎన్‌వీఐ అని పేరు. కావున అది ఏఎండీ బోర్డులలో పనిచేయదు. ఇంటెల్ బోర్డులలోనైనను, ఆ సదుపాయము గలవానియందే పనిచేయును.

ఇక పరీక్షించు క్రమము. మొదట కంప్యూటరును ఆపి, విద్యుత్తు తీగను ఊడదీసి, కార్డును మరల సరిగా బిగింపవలెను. పిదప విండోస్‌లో డివైస్ మేనేజరును తెరచి చూడవలెను. లైనక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అను ఆజ్ఞ నీయవలెను. కార్డు జాడయే లేకున్న, పై చెప్పిన పొత్తును, బయాస్‌లోని అమరికను విచారింపవలెను. జాడ యుండియు పనిచేయకున్న, తరచుగా కొరత డ్రైవరుది. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, దాని ఇంటర్నెట్టుతో డ్రైవరును తెచ్చుకొనవచ్చును. లైనక్స్‌లో ఏఎక్స్ 200కు 5.1 గాని, ఆ తరువాతిది గాని అగు కెర్నెల్ కావలెను. కార్డు పనిచేయుచు సంకేతము మిక్కిలి బలహీనముగా నున్నచో, యాంటెన్నాలు తగిలింపబడినవో లేవో చూడుడు. లోహపు పెట్టె రేడియో తరంగముల నడ్డగించును. వైఫై ఉండి బ్లూటూత్ లేకున్న, కార్డునుండి బోర్డులోని యూఎస్‌బీ పిన్నులకు పోవలసిన చిన్న తీగ గల రకపు కార్డైనచో, ఆ తీగను పరీక్షింపుడు.

కొనుటకు ముందే బోర్డుతో వచ్చిన పుస్తకమును చదువుట అన్నిటికన్న మేలు. అది ఆంగ్లమున నున్నదని జంకవలదు. అందు వెదకవలసిన మాటలు నాలుగే: ఎం.2, కీ-ఇ, పీసీఐఈ, సీఎన్‌వీఐ. ఆ మాటలనే కార్డు వివరములలోను వెదకి, రెంటిని సరిపోల్చుకొనుడు. తలిదండ్రులును సొమ్ము చెల్లించుటకు ముందు, "ఇది మన బోర్డుతో పొసగునా?" అని పిల్లల నడుగవలెను. ఆ యొక్క ప్రశ్న వలన కష్టార్జితము నిలుచును.